సీలు మార్చిన ప్రతిసారీ మళ్లీ కారిన మోటారు: ఒంగోలు వైపు ఒక ఇంటి కేసు

ఇంట్లో నీళ్ల మోటారు కారుతోందని కబురొస్తే మా పనివాళ్లలో ఎక్కువమంది ముందు సీలు (తిరిగే షాఫ్టు, అంటే ఇరుసు, పక్క నుంచి నీళ్లు కారకుండా ఆపే బిళ్లల జత) పొట్లం జేబులో వేసుకుని బయల్దేరతారు. మోటారు విప్పుతాం, పాత సీలు తీసి కొత్తది వేస్తాం, బిగించి నడిపి చూపిస్తాం, డబ్బులు తీసుకుని వస్తాం. చాలా ఇళ్లలో అంతటితో సరిపోతుంది కూడా. ఏళ్ల తరబడి నడిచి అరిగిన సీలుకి కొత్త సీలే మందు. కానీ కొత్తది వేసిన కొద్ది నెలలకే మళ్లీ కారిందంటే తప్పు సీలుది కాదు. దాన్ని ఏదో చంపుతోంది. అదేమిటో పట్టుకోకుండా సీలు మీద సీలు వేస్తూ పోతే ఇంటివాళ్ల డబ్బు పోతుంది, మోటారు పోతుంది, చివరికి మనిషి ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఈ ఇంట్లో సంగతి దాదాపు అంతదాకా వెళ్లింది. ఇంటివాళ్ల అనుమతితో, వాళ్లెవరో తెలిసే వివరాలు తీసేసి రాస్తున్నాను.

ఇల్లు, నీళ్లు

ఒంగోలుకి తూర్పున, సముద్రం వైపు ఒక రెండంతస్తుల ఇల్లు. కింద రిటైరైన మాస్టారు, ఆయన భార్య ఉంటారు. పైన అద్దెకున్న కుటుంబం. వాకిట్లో భూమిలోకి కట్టిన సంపులో కుళాయి నీళ్లు పడతాయి. ఒంగోలుకి తాగునీళ్లు సాగర్ కుడి కాలువ నుంచి వచ్చి సమ్మర్ స్టోరేజీ చెరువుల్లో నిలవ ఉంటాయి. కాలువ కట్టేసిన నెలల్లో ఆ నిలవ మీదే నెట్టుకురావాలి కాబట్టి ఎండలు ముదిరేకొద్దీ ఒక కుళాయి రోజుకీ ఇంకో కుళాయి రోజుకీ మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడంలో ఈ ఇంటివాళ్లు బోరు వేసి, ఆ నీళ్లని కూడా అదే సంపులోకి వదులుతారు.

బోరు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో సగం దోషం దానిదే. ఆ వైపంతా ఇసుక నేల. అక్కడ తీపి నీళ్లు ఉప్పు నీళ్ల మీద తేలుతుంటాయి. పైనున్న తీపి నీటి మట్టం అడుగు దిగితే కిందున్న ఉప్పు నీళ్లు దాదాపు 40 అడుగులు పైకి జరుగుతాయని భూగర్భజలాల లెక్క. అందుకే సంక్రాంతికి నోట్లో పోసుకోగలిగిన బోరు నీళ్లు రోహిణి కార్తె వచ్చేసరికి సబ్బు కూడా నురగ రానంత ఉప్పెక్కుతాయి. నేను వెళ్లింది మే నెలలో. నీటిలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు ముంచితే లీటరుకి 2000 మిల్లీగ్రాములు దాటి చూపించింది. తాగునీటికి మన ప్రమాణం 500. వేరే దారి లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటుంది. అంత ఉప్పు నీళ్లు పోత ఇనుముతో, ఇత్తడితో, ఉక్కు షాఫ్టుతో కలిసి ఒకే డొక్కులో (మోటారు ముందుండే, నీళ్లు తిరిగే ఇనుప గదిలో) నిలబడితే ముందుగా తినేది ఇనుమునీ షాఫ్టునీ.

మోటారు మెట్ల కింద గచ్చు మీద ఉంది. అర హెచ్‌పీ సెల్ఫ్ ప్రైమింగ్ (డొక్కులో కాసిని నీళ్లుంటే సంపు నీళ్లని తనే లాక్కునే) మోనోబ్లాకు (మోటారు, పంపు ఒకే షాఫ్టు మీద ఉండేది), అంచునిండా చిన్న పళ్లుండే ఇత్తడి ఇంపెల్లరు (నీళ్లని తోసే చక్రం) రకం, అంగుళం పైపులు. సంపులో నీటి మట్టం నుంచి పైన ట్యాంకు మూతి దాకా 36 అడుగుల ఎత్తు. ఆరేడేళ్ల పాతది. మొదటి నాలుగేళ్లు వంక పెట్టడానికి లేకుండా నడిచిందట. ఆ తర్వాతే వరసగా సీళ్లు మార్చడం మొదలైంది. మార్చినవాళ్లు వేర్వేరు మనుషులు.

"మార్చిందే మార్చటం, కారిందే కారటం. ఈసారి మంచి సీలు వెయ్యి మేస్త్రీ" అన్నారు మాస్టారు. ఆయన దృష్టిలో నేను చేయాల్సింది అంతే. అమ్మగారు మాత్రం ఇంకో మాటన్నారు. "నీళ్లు కారితే కారినయి గానీ నాయనా, ఆ గొట్టం పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటంది."

ఆ మాట విన్నాక సీలు సంగతి పక్కన పెట్టాను.

ముందు కరెంటు

ప్లగ్గు పీకి చూస్తే మూడు తీగెల్లో ఎర్తు తీగె లోపలే కత్తిరించి ఉంది. మీటరు దగ్గర ఎర్తు రాడ్డు ఉంది గానీ మెట్ల కింది బోర్డు దాకా ఎర్తు లాగనే లేదు. అంటే మోటారు లోపల చెమ్మ చేరి కరెంటు బాడీకి పాకితే, అది భూమిలోకి పోయే దారి ఒక్కటే: తడి గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడి గొట్టం పట్టుకున్న మనిషి. మెగ్గరు (కరెంటు బాడీకి పాకకుండా ఆపే శక్తిని కొలిచే మీటరు) పెట్టి చూస్తే లోపలి తీగె చుట్టకీ బాడీకీ మధ్య అర మెగాఓమ్ చూపించింది. ఒక మెగాఓమ్‌కి తగ్గితే ఆ మోటారుని నడపకూడదని మేం పెట్టుకునే హద్దు. ఆరోగ్యంగా ఉన్న చుట్ట అంతకు ఎన్నో రెట్లు చూపిస్తుంది.

కారే మోటారుని బిందె పెట్టుకుని నెట్టుకొచ్చే ఇళ్లు ప్రకాశం జిల్లాలో నేను లెక్కలేనన్ని చూశాను. బిందె నిండితే పారబోస్తారు, అంతటితో ఊరుకుంటారు. కారే నీళ్లన్నీ బిందెలో పడవు. కొన్ని షాఫ్టు వెంబడి మోటారులోకి వెళతాయి. కారడం అన్నది నీటి సమస్యకన్నా ముందు కరెంటు సమస్య అని నేను వెళ్లిన ప్రతి ఇంట్లో చెబుతాను. చెప్పినందుకు ఎవరూ డబ్బివ్వరు, అయినా చెబుతాను.

ఆ పూట మీటరు దగ్గరి నుంచి ఎర్తు తీగె లాగి, ప్లగ్గు మార్చి, మల్టీమీటరుతో తీగె చివర నుంచి చివర దాకా అతుకు సరిగా ఉందో చూశాకే, పరీక్షకి కావలసినంతసేపు మాత్రం మోటారు నడుపుతూ, మిగతా పని మొదలుపెట్టాను.

విప్పకముందు చూసినవి

మోటారు విప్పితే సాక్ష్యం చెదిరిపోతుంది. అందుకే ముందు నీళ్లు ఎక్కడ పుడుతున్నాయో చూడాలి. కింద తడి కనిపించినంత మాత్రాన సీలే అనుకోకూడదు. డెలివరీ నిపుల్ మర దగ్గర కారినా, ప్రైమింగ్ మూత (డొక్కులో నీళ్లు పోసే చోటు) కింద వాషరు పోయినా, డొక్కు చుట్టూ ఉండే ఓ-రింగు నలిగినా, నీళ్లు బాడీ వెంట జారి అదే చోట బొట్టు కడతాయి. గుడ్డతో బాగా తుడిచి, అమ్మగారిని గుప్పెడు ముగ్గుపిండి అడిగి, కీళ్లన్నిటి మీదా పలచగా చల్లాను. నడిపితే ఏ కీలూ నల్లబడలేదు. డొక్కుకీ మోటారుకీ మధ్య సందులోంచి మాత్రం బొట్లు మొదలయ్యాయి. ఆ సందు చుట్టూ తెల్లటి ఉప్పు గడ్డకట్టి ఉంది. అంటే కారేది సీలు దగ్గరే. అంతవరకు మాస్టారు చెప్పింది నిజం.

ఆపిన తర్వాత రెండు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. ఆపగానే వెళ్లిపోవడం మా పనిలో అలవాటు గానీ, మోటారు ఆగాకే చాలా సంగతులు బయటపడతాయి. పైపులోంచి గరగరమంటూ నీళ్లు వెనక్కి దిగిన చప్పుడు వినిపించింది. సంపులో గొట్టం చివర ఉండి నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఫుట్ వాల్వు పట్టడం లేదు. సెల్ఫ్ ప్రైమింగ్ రకానికి ఫుట్ వాల్వు ఉండి తీరాలని లేదు, కానీ ట్యాంకు ఎత్తున ఉన్నచోట మా వైపు ప్లంబర్లు వేస్తారు. ఖాయం చేసుకోడానికి ప్రైమింగ్ మూత తీసి అంచుదాకా నీళ్లు నింపాను. సీలు దగ్గర కారే బొట్లు పట్టడానికి కింద పళ్లెం పెట్టాను. మూత దగ్గర మట్టం దిగినంతగా పళ్లెంలో నీళ్లు చేరలేదు. తేడా అంతా సంపులోకి పోతోందన్నమాట.

మోటారు నడిచేటప్పుడు ముందు బేరింగు (షాఫ్టు ఆని తిరిగే గోళీల చట్రం) దగ్గర గరుకు చప్పుడు కూడా ఉంది. ప్లగ్గు తీసి షాఫ్టు చివర పట్టుకుని ఊపితే వేలికి తెలిసేంత ఆట.

పాత సీళ్లు

మాస్టారిది దేన్నీ పారేయని స్వభావం. ఇదివరకు తీసిన సీళ్లన్నీ ఒక డబ్బాలో ఉంచారు. ఈ కేసు తేలడానికి ఆ డబ్బాయే కారణం.

సీలు పనిచేసే తీరు తెలిస్తేనే దాని చావు అర్థమవుతుంది. షాఫ్టుతో తిరిగే కార్బను బిళ్ల ఒకటి, కదలకుండా కూర్చున్న పింగాణీ బిళ్ల ఒకటి. వెనక స్ప్రింగు రెంటినీ ఒకదానికొకటి ఆనిస్తుంది. తడిసిన రెండు అద్దం పలకలు అతుక్కున్నట్టు, వాటి మధ్య కంటికి ఆనని నీటి పొర ఉంటుంది. ఆ పొరే నూనె, ఆ పొరే చల్లదనం. నీళ్లు లేకుండా తిప్పితే పొర పోతుంది, బిళ్లలు రాసుకుని నిమిషాల్లో కాగుతాయి.

డబ్బాలో మొదటి సీలు కార్బను ముఖం సమంగా, నున్నగా అరిగి ఉంది. నాలుగేళ్లు నడిచి సహజంగా పోయింది. దాని మీద ఏ ఫిర్యాదూ లేదు.

రెండోదాని పింగాణీ మీద మధ్య నుంచి అంచు వైపు వెంట్రుక లాంటి పగుళ్లు. రబ్బరు గట్టిపడి నొక్కితే పెళుసుగా విరిగింది. ఇది వేడికి చచ్చింది. నీళ్లు లేకుండా నడిచింది.

మూడోది వేరు. పింగాణీ మీద కార్బను గీసిన బాట కార్బను ముఖం కన్నా బాగా వెడల్పుగా ఉంది. షాఫ్టు ఊగకుండా తిరిగితే కార్బను తన వెడల్పు మేరకే గీస్తుంది. షాఫ్టు ఊగితే వెడల్పుగా గీస్తుంది. బేరింగు పోయాక వేసిన సీలది.

ఒకే మోటారులో మూడు సీళ్లు మూడు కారణాలతో పోయాయి. మార్చిన ముగ్గురికీ అవి ఒకేలా కనిపించాయి, ఎందుకంటే ముగ్గురూ బొట్టు చూశారు గానీ బిళ్ల చూడలేదు. వాళ్ల పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఒక్కొక్కరూ ఒక్కొక్కసారే వచ్చారు, ముందు సీలు ఎలా పోయిందో వాళ్లకి చూపించినవాళ్లు లేరు.

అసలు జరిగింది

విప్పాక ఇంకో సంగతి తేలింది. డొక్కుకీ బేరింగుకీ మధ్య షాఫ్టు మీద చిన్న రబ్బరు బిళ్ల ఒకటి ఉండాలి. పనికిరానిదిలా కనిపిస్తుంది. సీలు దాటి వచ్చిన బొట్టుని అది తిరుగుతూ చిమ్మేసి, బేరింగు దాకా పోకుండా కిందికి పడేస్తుంది. ఈ మోటారులో అది లేదు. ఏదో ఒక విప్పుడులో పోయింది, ఎప్పుడన్నది తేలదు.

ఇప్పుడు వరస కుదిరింది. ఫుట్ వాల్వు కింద ఇసుక చేరి పట్టడం మానేసింది. మోటారు ఆపినప్పుడల్లా పైపు నీళ్లన్నీ సంపులోకి జారిపోతున్నాయి. డొక్కులో మిగిలే కాసిని నీళ్లు మళ్లీ లాగడానికి ఆధారం. సీలు కొద్దిగా కారడం మొదలవగానే ఆ కాసిని నీళ్లు కూడా తెల్లారేసరికి షాఫ్టు మట్టం దాకా దిగిపోతున్నాయి. పొద్దున్నే స్విచ్ వేసి మాస్టారు నడకకి వెళతారు. అక్కడ మోటారు ఎండిన గొంతుతో తిరుగుతుంటుంది. కొంతసేపటికి ఎలాగో నీళ్లందుకుంటుంది, ఆయన తిరిగొచ్చేసరికి ట్యాంకులో నీళ్లు పడుతుంటాయి, ఎవరికీ అనుమానం రాదు. వేసవిలో సంపు మట్టం ఫుట్ వాల్వు కిందికి దిగిన రోజుల్లో అసలందుకోదు.

అంటే కారడం వల్ల ఎండుతోంది, ఎండడం వల్ల కారుతోంది. చిమ్మే బిళ్ల లేక ఆ ఉప్పు బొట్లు నేరుగా బేరింగులోకి వెళ్లి తుప్పు పట్టించాయి. బేరింగు ఊగి మూడో సీలుని తిన్నది. అదే చెమ్మ చుట్టకి చేరి అమ్మగారి చేతికి జివ్వుమని తగిలింది.

మొదటి మరమ్మతు, దాని వెనక ఆలోచన

"ఇంత గొడవెందుకు, కొత్తది కొనేద్దాం" అన్నారు మాస్టారు, ఈసారి పూర్తిగా రెండో వైపుకి వెళ్లి. నేను వద్దన్నాను. అర హెచ్‌పీ కొత్త మోటారు మా దగ్గర మూడు నాలుగు వేల మధ్య దొరుకుతుంది, దొరక్కపోవడం సమస్య కాదు. అదే ఫుట్ వాల్వు, అదే సంపు, అదే పొద్దుటి నడక ఉన్నచోట కొత్త మోటారు కూడా అదే చావు చస్తుంది. నేను అనుకున్న వరస నిజమో కాదో తేల్చుకోవాలంటే కొత్త మోటారుని పణంగా పెట్టడం కన్నా రెండు వందల లోపు సీలుని పెట్టడం మేలు.

షాఫ్టు మీద సీలు రబ్బరు కూర్చునే చోట సన్నని గుంటలు కనిపించాయి. అది తేలికైన విషయం కాదని అప్పుడే చెప్పాను. "సీలు బిళ్లలు బతికినా ఈ గుంటల్లోంచి నీళ్లు పాకొచ్చు మాస్టారూ. పాకితే మళ్లీ పిలవండి, అప్పుడు మోటారు సంగతి చూద్దాం. ఇప్పుడు మిగతావన్నీ సరిచేద్దాం" అంటే ఒప్పుకున్నారు.

చుట్టని వంద వాట్ల బల్బు కింద రాత్రంతా ఆరబెడితే మెగ్గరు 5 మెగాఓమ్‌ల పైకి ఎక్కింది. కాబట్టి చుట్ట కాలలేదు, తడిసింది అంతే, రీవైండింగు అక్కర్లేదు. ఈ తేడా చూడకుండా చుట్ట విప్పేసి వెయ్యీ రెండువేలూ తీసుకునేవాళ్లున్నారు. ఒక రాత్రి ఆగి చూడండి అని ఇంటివాళ్లకి నా మనవి.

బేరింగులు రెండూ మార్చాను. ముందు వైపు రేకు మూతలది కాకుండా రబ్బరు మూతల రకం వేశాను. నెంబరు అదే, చివర అక్షరాలే వేరు. చెమ్మని ఇది ఎక్కువ ఆపుతుంది. చిమ్మే బిళ్ల వేశాను. షాఫ్టుని జీరో ఎమెరీ కాగితంతో నున్నచేశాను. సీలు ముఖాలని వేలితో ముట్టుకోకుండా, రబ్బరుకి గ్రీజుకి బదులు సబ్బు నీళ్లు రాసి కూర్చోబెట్టాను. ఫుట్ వాల్వు కొత్తది, అడుగు నుంచి జానెడు పైకి ఎత్తి పెట్టించాం.

మళ్లీ చెమ్మ

కొన్ని వారాలు పొడిగా ఉంది. తర్వాత మాస్టారి ఫోను: "కారటం కాదు గానీ చెమ్మ ఉంది మేస్త్రీ." వెళ్లి చూస్తే నిజమే, మోటారు ఆగి ఉన్నప్పుడు చాలాసేపటికి ఒక బొట్టు. నడిచేటప్పుడు ఏమీ లేదు.

విప్పినప్పుడు చూసింది నాకు సంతోషం కలిగించింది. పింగాణీ మీద బాట సన్నగా, సమంగా, పగులు లేకుండా మెరుస్తోంది. అంటే ఎండడం ఆగింది, ఊగడం ఆగింది. వరస సరిగ్గానే పట్టుకున్నాం. నీళ్లు బిళ్లల మధ్య నుంచి రావడం లేదు. రబ్బరు లోపలి అంచు కింద షాఫ్టు మీద తుప్పు రంగు గీత ఒకటి, గుంటల వెంబడి. ఫుట్ వాల్వు ఇప్పుడు నీళ్లని బాగా పట్టి ఆపుతోంది కాబట్టి పైపులో 30 అడుగుల నీళ్లు నిలబడి రాత్రంతా ఆ గుంటల మీద ఒత్తుతున్నాయి. ఇదివరకు ఆ ఒత్తిడే ఉండేది కాదు. ఇక మిగిలిన రోగం ఒక్క షాఫ్టుదే.

బాగుచేయాలా, మార్చాలా

ఇక్కడ దారులు చాలా ఉన్నాయి, ఒక్కొక్కటీ ఆలోచించాం. షాఫ్టు మీద వెల్డింగు పెట్టి లేతు మీద తీయించడం అన్నది మొదట వినిపించే మాట. ఇంత సన్న షాఫ్టు ఆ వేడికి వంగుతుంది, వంగితే మళ్లీ వెడల్పు బాటే. షాఫ్టుని తగ్గించి స్టీలు తొడుగు ఎక్కించడం పెద్ద మోటార్లకి బాగుంటుంది. దీనికి తగ్గించడానికి మందమే లేదు. సీలు వెనక వాషరు పెట్టి మంచి చోటికి జరపడం నేను కొన్నిచోట్ల చేసిన పని. ఇక్కడ గుంటలు చాలా దూరం పాకాయి, జరిపితే స్ప్రింగు మరీ నొక్కుకుపోతుంది. రోటరుతో (చుట్ట మధ్య తిరిగే భాగంతో) సహా కొత్త షాఫ్టు ఆ మోడలుకి దొరకలేదు. మిగిలింది రోటరులోంచి పాత షాఫ్టు నొక్కి తీసి, లేతు మీద స్టెయిన్‌లెస్ షాఫ్టు తిప్పించి ఎక్కించడం. అది చేయించొచ్చు. వెయ్యికి పైన అవుతుంది. చుట్ట బాగుంది, బేరింగులు కొత్తవి, కాబట్టి నా మనసు అటే మొగ్గింది.

అయితే ఒప్పుకునే ముందు ఒక కొలత తీసుకున్నాను, నిర్ణయాన్ని మార్చింది అదే. పైన ట్యాంకు దగ్గర 20 లీటర్ల డబ్బా పట్టి వాచీ చూశాం. నిమిషంన్నర పట్టింది. ఆ ఎత్తుకి అర హెచ్‌పీ మోటారు ముప్పావు నిమిషంలో నింపాలి. ఫుట్ వాల్వు కొత్తది, వోల్టేజీ 225, కెపాసిటరు విలువ సరిగ్గా ఉంది, గొట్టం మూసుకుపోలేదు. డొక్కు విప్పి ఇంపెల్లరు పక్కన ఫీలర్ గేజి (సన్న ఉక్కు ఆకులతో సందు కొలిచే పనిముట్టు) పెడితే 0.4 మిల్లీమీటర్ల ఆకు సులువుగా దూరింది. ఈ రకం మోటారులో అక్కడ కాగితం మందం సందు ఉండాలి, అంతే. ఆ సన్న సందులోనే నీటికి ఒత్తిడి పుడుతుంది. ఆరేళ్ల సంపు ఇసుక ఆ సందుని అరగదీసింది, ఉప్పు డొక్కు గోడని తిన్నది. కొత్త ఇంపెల్లరు వేసినా అరిగిన గోడ అలాగే ఉంటుంది.

కారడాన్ని బాగుచేయగలను, నీటిని తిరిగి తేలేను. ట్యాంకు నిండడానికి రెట్టింపు సేపు నడిచే మోటారు రెట్టింపు కరెంటు తింటుంది, రెట్టింపు అరుగుతుంది. మాస్టారికి గేజి చేతికిచ్చి ఆయన్నే పెట్టి చూడమన్నాను. "ఇక దీని మీద పెట్టద్దులే" అన్నారు ఆయనే.

మోటారు కారుతోందని మార్చేవాళ్లకీ, ఎలాగైనా బాగుచేయమనేవాళ్లకీ నేను ఈ ఒక్క కొలతే అడుగుతాను. 20 లీటర్లు ఎంతసేపట్లో నిండుతోంది? కొన్న కొత్తలో ఆ లెక్క గోడ మీద రాసిపెట్టుకుంటే, ఏళ్ల తర్వాత మరమ్మతా, మార్పా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

ఏది పెట్టాం

అదే రకం మళ్లీ పెట్టడం నాకిష్టం లేదు. సన్న సందు మీద బతికే ఇంపెల్లరు ఇసుక వచ్చే సంపుకి తగదు. సంపులో మునిగి ఉండే ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ గురించి అడిగారు. దానికి ప్రైమింగ్ గొడవ లేదు, చప్పుడు లేదు. కానీ ఈ సంపు వేసవిలో అడుగంటుతుంది, అది మునిగి ఉండాల్సిన మోటారు. పైగా ఉప్పు నీళ్లలో ఇరవై నాలుగ్గంటలూ నానుతుంది, ఖరీదు దాదాపు రెట్టింపు. నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండే సంపు అయితే నేను అదే చెప్పేవాణ్ని.

చివరికి అర హెచ్‌పీ సెంట్రిఫ్యూగల్ సెల్ఫ్ ప్రైమింగ్ మోనోబ్లాకు తీసుకున్నాం. షాఫ్టు స్టెయిన్‌లెస్, ఇంపెల్లరు గట్టి ప్లాస్టిక్కుది. దీని సందు పెద్దది, కొద్దిపాటి ఇసుకని ఓర్చుకుంటుంది. అదే పవరుకి పాత రకం ఎక్కువ ఎత్తు ఎక్కిస్తుందన్నది నిజం. కానీ ఇక్కడ 36 అడుగులే కాబట్టి, ప్లేటు మీద రాసిన హెడ్డు (ఎంత ఎత్తుకి ఎక్కిస్తుందో), నీటి లెక్క చూసుకుని కొంటే దీనితో సరిపోయింది. కొట్లో హెచ్‌పీ ఒక్కటే అడిగి కొనడం మా వైపు పెద్ద పొరపాటు. రెండు అర హెచ్‌పీ మోటార్ల మధ్య నీళ్లలో సగానికి సగం తేడా ఉండొచ్చు.

మోటారు కన్నా దాని చుట్టూ చేసినవే ఎక్కువ పని చేశాయని నా నమ్మకం. సంపులో ఫ్లోట్ స్విచ్ వేలాడదీసి, మట్టం ఫుట్ వాల్వు దాకా రాకముందే మోటారు ఆగేలా పెట్టాం. నాలుగైదు వందల వస్తువు. ఎండి తిరగడం అన్న జబ్బుకి ఇదే అసలు మందు. మెట్ల కింద ఇటుక దిమ్మె కట్టించి మోటారుని జానెడు ఎత్తున కూర్చోబెట్టాం. రెండు వైపులా యూనియన్లు వేశాం, రేపు విప్పాల్సొస్తే పైపు కోయక్కర్లేదు. ఎర్తు తీగెకి గొట్టం వేసి పక్కాగా బిగించి, లైనుకి, కరెంటు దారి తప్పి భూమిలోకి పోతే వెంటనే కట్టేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాం. మాస్టారు ఖర్చు దగ్గర కాస్త తటపటాయించింది దీనికొక్కదానికే. అమ్మగారు ఆయన వంక చూశారు, ఇంకేం మాట్లాడలేదు, పెట్టించేశారు.

ఆ తర్వాత ఒక వేసవి పూర్తిగా గడిచింది. మోటారు కింద గచ్చు పొడిగానే ఉంది. ఫ్లోట్ మే నెలలో చాలాసార్లు మోటారుని ఆపిందట. పైన అద్దెకున్నవాళ్లు మోటారు పనిచేయడం లేదని ఫోను చేస్తే, సంపులో నీళ్లు లేవని మాస్టారే వివరించి చెప్పారు. ఆగిన ప్రతిసారీ పాత పద్ధతిలో అయితే ఒక సీలు కాగేది. 20 లీటర్ల లెక్క కూడా మళ్లీ తీశాను, పెట్టిన రోజుకీ ఇప్పటికీ తేడా లేదు.

మిగిలిన పని బోరుది. ఉప్పు నీళ్లు ఇంకా అదే సంపులో కలుస్తున్నాయి. బోరు నీళ్లు వాడిన రోజు చివర్న కుళాయి నీళ్లతో కాసేపు మోటారు నడిపి డొక్కు కడగమని చెప్పాను, చేస్తున్నారు కూడా. కానీ స్టెయిన్‌లెస్ షాఫ్టుకైనా ఉప్పు నీళ్లలో గుంటలు పడతాయి, కాకపోతే ఆలస్యంగా పడతాయి. బోరు నీళ్లని వేరే చిన్న ట్యాంకుకి ఎక్కించి, బాత్రూములకీ మొక్కలకీ విడిగా లైను ఇవ్వాలన్నది నా సలహా. కొలతలు తీసి ప్లంబరుకి ఇచ్చాం. ఎండలు ముదిరి బోరు ఉప్పెక్కేలోపు ఆ లైను విడదీయాలి.